గూగుల్ డాక్స్‌లో పేజీ మార్జిన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాజెక్ట్ రిపోర్టు, రెజ్యూమె, అఫిడవిట్, అపార్ట్‌మెంట్ సంఘం లెటర్‌హెడ్ మీద ఉత్తరం... ఏది టైప్ చేసినా చివరికి కాగితం మీదికి రావాల్సిందే. మార్జిన్ల గొడవలన్నీ బయటపడేది అప్పుడే. ఇక్కడ చెప్పినవి కంప్యూటర్‌లో, బ్రౌజర్‌లో తెరిచిన గూగుల్ డాక్స్ గురించి. ఫోన్ సంగతి విడిగా కింద ఉంది. మెనూల పేర్లు ఇంగ్లిష్‌లో ఎలా కనిపిస్తాయో అలాగే తెలుగు అక్షరాల్లో రాశాం.

మార్జిన్లు ఎక్కడ మార్చాలి?

ఫైల్ మెనూ తెరిస్తే బాగా కిందికి పేజ్ సెటప్ ఉంటుంది. దాన్ని నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో టాప్, బాటమ్, లెఫ్ట్, రైట్ అని నాలుగు గళ్లు ఉంటాయి. మీకు కావాల్సిన అంకెలు కొట్టి ఓకే నొక్కండి. మీరు ఏమీ మార్చకపోతే నాలుగు వైపులా ఒక అంగుళం, అంటే 2.54 సెంటీమీటర్లు ఉంటుంది.

మెనూలో వెతకడం విసుగైతే ఆల్ట్ కీ పట్టుకుని స్లాష్ నొక్కండి. వెతికే పెట్టె వస్తుంది. అందులో పేజ్ సెటప్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే నేరుగా తెరుచుకుంటుంది.

నాకు ఫైల్ మెనూయే కనబడట్లేదు.

మెనూ బార్ దాక్కుని ఉంటుంది. కంట్రోల్, షిఫ్ట్, ఎఫ్ కలిపి నొక్కితే తిరిగొస్తుంది. చాలామంది తెలియకుండానే ఆ మూడు కీలు నొక్కి, ఫైలే పాడైపోయిందనుకుని టెన్షన్ పడతారు.

ఇంతకీ ఎంత పెట్టాలి?

అంకె కంటే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. ఏ సైజు కాగితం మీద ప్రింట్ తీస్తారు? దాన్ని ఎలా కుడతారు లేదా బైండ్ చేస్తారు? ఈ రెండూ తెలిస్తే మార్జిన్ ఎంతో దాదాపు దానంతటదే తేలిపోతుంది. ఇవి తేల్చుకోకుండా అంకెలు మారుస్తూ కూర్చుంటే, రిపోర్టంతా సర్దేశాక మళ్లీ మొదటికి రావాల్సి వస్తుంది.

మామూలు ఉత్తరానికి, నోట్సుకి ఉన్న ఒక అంగుళమే చాలు, ముట్టుకోనక్కర్లేదు. విదేశీ యూనివర్సిటీలకు పంపే అసైన్‌మెంట్లలో వ్యాసం ఎలా అమర్చాలో చెప్పే ఏపీఏ (APA), ఎంఎల్ఏ (MLA) పద్ధతులు రెండూ అన్ని వైపులా ఒక అంగుళమే అడుగుతాయి. కాలేజీ ప్రాజెక్ట్ రిపోర్టుకి, థీసిస్‌కి మాత్రం ఎడమవైపు ఎక్కువ కావాలి. మన దగ్గర తరచుగా అడిగేది ఎడమ 1.5 అంగుళాలు, మిగతా మూడు వైపులా 1 అంగుళం. అయినా మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఫార్మాట్ కాగితంలో ఏముందో చూసుకోండి. సీనియర్ రిపోర్టు చూసి కాపీ కొట్టొద్దు, వాళ్లకి ఇచ్చిన ఫార్మాట్ వేరే కావచ్చు.

కోర్టు కాగితాల లెక్క వేరు. సుప్రీంకోర్టు 2020 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం దాఖలు చేసేవి ఏ4 కాగితం మీద, రెండు వైపులా ప్రింట్ చేసి ఉండాలి. ఎడమ, కుడి 4 సెంటీమీటర్లు, పైన, కింద 2 సెంటీమీటర్లు వదలాలి. టైమ్స్ న్యూ రోమన్ 14 సైజు, వరుసల మధ్య ఒకటిన్నర స్పేసింగ్. 21 సెంటీమీటర్ల వెడల్పున్న కాగితంలో అటూ ఇటూ నాలుగేసి పోతే అక్షరాలకు మిగిలేది 13 సెంటీమీటర్లే. ఇంత జాగా వృథా ఎందుకని మొదట అనిపిస్తుంది. కానీ ఆ కాగితాల్ని దళసరి కట్టగా కుట్టి తిరగేసేవాళ్లని చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కింది కోర్టులకు వాటి నియమాలు వాటికుంటాయి, కాబట్టి వకీలు గారి గుమాస్తాని ఒక్కమాట అడిగి మొదలుపెట్టండి.

1.5 పెట్టాను, అయినా గైడ్ సార్ తక్కువుందంటున్నారు. ఎందుకు?

మీ పెట్టెలో కొలత సెంటీమీటర్లలో ఉండొచ్చు. గూగుల్ డాక్స్‌లో భాష సెట్టింగ్‌ని బట్టి కొలత అంగుళాల్లో గానీ సెంటీమీటర్లలో గానీ కనిపిస్తుంది. అమెరికా ఇంగ్లిష్ ఉంటే అంగుళాలు, బ్రిటన్ ఇంగ్లిష్ ఉంటే సెంటీమీటర్లు. ఏదన్నది మార్జిన్ల శీర్షిక పక్కనే రాసి ఉంటుంది. సెంటీమీటర్ల గడిలో 1.5 కొడితే వచ్చేది అర అంగుళం కంటే కాస్త ఎక్కువ, అంతే.

చేతికింద ఉంచుకోవాల్సిన లెక్కలు ఇవి: అర అంగుళం 1.27 సెంటీమీటర్లు, ముప్పావు అంగుళం 1.9, ఒక అంగుళం 2.54, ఒకటింపావు 3.18, ఒకటిన్నర 3.81. ఇవి తెలిసి ఉంటే భాష సెట్టింగ్ జోలికి వెళ్లే పనే లేదు.

పేపర్ సైజు మార్చకపోతే ఏమవుతుంది?

చాలామంది వదిలేసేది ఇదే. మార్జిన్ల గళ్లున్న పెట్టెలోనే పేపర్ సైజు కూడా ఉంటుంది. కొన్ని ఖాతాల్లో అది లెటర్ అని ఉంటుంది. లెటర్ అమెరికా కాగితం, 8.5 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల పొడవు. మన జిరాక్స్ షాపుల్లో ఉండేది ఏ4, 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 పొడవు. ఏ4 వెడల్పు లెటర్ కంటే అర సెంటీమీటర్ పైచిలుకు తక్కువ, పొడవు మాత్రం ఒకటిన్నర సెంటీమీటర్ కంటే ఎక్కువే.

లెటర్ సైజులో చేసిన ఫైల్‌ని ఏ4 మీద ప్రింట్ తీస్తే, ప్రింటర్ దాన్ని కాస్త కుదించి, కాగితం మధ్యకు తెస్తుంది. అక్షరాలు పిసరంత చిన్నవవుతాయి, కింద, పైన ఖాళీ పెరుగుతుంది. అంటే మీరు అంత జాగ్రత్తగా పెట్టిన మార్జిన్ ఏదీ కాగితం మీద అంతే రాదు. పైగా 60 పేజీల రిపోర్టు పూర్తయ్యాక సైజు మారిస్తే పేజీలు జరిగిపోయి, విషయసూచికలో వేసిన నంబర్లన్నీ తప్పుతాయి. కాబట్టి మొదటి అక్షరం టైప్ చేయకముందే ఏ4 పెట్టేయండి.

రూలర్ పట్టుకుని లాగితే ఒక్క పేరాయే కదిలింది. మిగతాది అలాగే ఉంది.

మీరు పట్టుకున్నది మార్జిన్ కాదు, ఇండెంట్. ఇది అందరికీ ఎదురయ్యే చిక్కే, కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం.

రూలర్ అంటే పేజీ పైన కనబడే కొలతల పట్టీ. దాని ఎడమ కొసన రెండు నీలం గుర్తులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైన ఉన్న చిన్న అడ్డగీత లాంటిది పేరాలో మొదటి వరుసను మాత్రమే జరుపుతుంది. దాని కింద ఉన్న త్రికోణం పేరా మొత్తాన్ని జరుపుతుంది. కుడి కొసన ఇంకో త్రికోణం ఉంటుంది, అది పేరా కుడి అంచుకి. ఈ మూడూ కర్సర్ ఉన్న పేరాకి, లేదా మీరు సెలెక్ట్ చేసిన పేరాలకి మాత్రమే పనిచేస్తాయి.

మార్జిన్ అంటే రూలర్ మీద బూడిదరంగు, తెలుపు కలిసే చోటు. ఇబ్బందేమిటంటే నీలం త్రికోణం సరిగ్గా ఆ కలిసే చోటే కూర్చుని ఉంటుంది. అందుకని మౌస్‌ని కొంచెం బూడిదరంగు వైపుకి జరపండి. బాణం గుర్తు అటూ ఇటూ రెండు మొనలతో మారాక పట్టుకుని లాగండి. పైన, కింద మార్జిన్లకి ఎడమ పక్కన నిలువు రూలర్ ఉంటుంది. అది కనబడాలంటే వ్యూ మెనూలో షో ప్రింట్ లేఅవుట్, షో రూలర్ రెండూ ఆన్‌లో ఉండాలి.

మా మాట వింటే రూలర్‌ని ఇండెంట్లకే వాడండి, మార్జిన్లకి పేజ్ సెటప్‌లో అంకె కొట్టండి. లాగినప్పుడు 1.48 అయిందో 1.52 అయిందో కంటికి తెలియదు.

ఒక్క పేజీకి మాత్రమే మార్జిన్ మార్చొచ్చా?

మార్చొచ్చు. కావాల్సిన భాగాన్ని సెలెక్ట్ చేసి పేజ్ సెటప్ తెరవండి. అందులో అప్లయ్ టు అనేచోట హోల్ డాక్యుమెంట్ బదులు సెలెక్టెడ్ కంటెంట్ ఎంచుకోండి. డాక్స్ తనే ఆ భాగానికి ముందూ వెనకా సెక్షన్ బ్రేక్, అంటే ఆ భాగాన్ని విడదీసే గుర్తు, పెట్టేస్తుంది.

లేదంటే ఇన్సర్ట్ మెనూలో బ్రేక్ కింద ఉన్న సెక్షన్ బ్రేక్ నెక్స్ట్ పేజ్ మీరే పెట్టుకుని, కర్సర్ ఆ భాగంలో ఉంచి, దిస్ సెక్షన్ అని ఎంచుకోవచ్చు. పేజ్ బ్రేక్, సెక్షన్ బ్రేక్ ఒకటి కాదని గుర్తుంచుకోండి. పేజ్ బ్రేక్ కొత్త పేజీ మొదలుపెడుతుంది గానీ మార్జిన్లు పాతవే ఉంటాయి.

పెద్ద టేబుల్ ఉన్న పేజీని అడ్డంగా తిప్పాను. దానికి మార్జిన్ ఎటువైపు ఎక్కువ పెట్టాలి?

టాప్‌లో. ఇది సరిగా చేసిన రిపోర్టులు తక్కువే కనిపిస్తాయి. అడ్డం పేజీ బైండింగ్‌లోకి వెళ్లేటప్పుడు మిగతా పేజీల్లాగే నిలువుగా వెళ్తుంది. టేబుల్ శీర్షిక బైండింగ్ వైపుకి, అంటే పుస్తకం ఎడమ అంచుకి రావడం రివాజు. అంటే లాండ్‌స్కేప్ పేజీలో మీకు పైన కనబడేదే బైండింగ్‌లోకి పోయే అంచు. ఒకటిన్నర అంగుళం అక్కడ పెట్టి, ఎడమ, కుడి, కింద ఒక్కో అంగుళం ఉంచండి.

పేజీ తిప్పినంత మాత్రాన టేబుల్ తనంతట తాను వెడల్పవదు. కాలమ్ గీతలు పట్టుకుని మీరే సర్దుకోవాలి.

స్పైరల్ బైండింగ్‌కి ఎంత వదలాలి? రెండు వైపులా ప్రింట్ అయితే?

స్పైరల్‌కి కాగితం అంచున వరసగా రంధ్రాలు పొడుస్తారు. రంధ్రం, దాని అవతలి అంచు కలిపి సెంటీమీటర్ దాకా తినేస్తుంది. ఎడమ మార్జిన్ అర అంగుళమే ఉంటే ప్రతి వరుసలో మొదటి అక్షరం తీగని ఆనుకుని ఉంటుంది, పేజీ వెనక్కి మడవకుండా చదవలేం. ఒక అంగుళం ఉంటే సరిపోతుంది, ఒకటింపావు ఉంటే హాయిగా ఉంటుంది. హార్డ్ బైండింగ్‌కి ఒకటిన్నర వదలండి, ఎందుకంటే అట్ట దగ్గర పుస్తకం పూర్తిగా తెరుచుకోదు.

రెండు వైపులా ప్రింట్ తీస్తే అసలు చిక్కు మొదలవుతుంది. కాగితం తిప్పగానే బైండింగ్ అంచు కుడివైపుకి వస్తుంది. ఎంఎస్ వర్డ్‌లో దీనికోసం మిర్రర్ మార్జిన్స్ అని ఉంది, బేసి పేజీలకి, సరి పేజీలకి తనే ఎదురెదురుగా మారుస్తుంది. గూగుల్ డాక్స్‌లో ఆ సదుపాయం లేదు. పేజీ పైభాగంలో వచ్చే హెడర్లని బేసి, సరి పేజీలకి వేర్వేరుగా పెట్టొచ్చు గానీ మార్జిన్లని కాదు. అందుకని ఎడమ, కుడి రెండూ సమానంగా ఒకటింపావు అంగుళం పెట్టేయడం సులువైన దారి. కాగితాలు కొన్ని ఎక్కువవుతాయి, అంతే. తప్పనిసరిగా మిర్రర్ మార్జినే కావాలంటే ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ నొక్కి వర్డ్ ఫైల్‌గా దించుకుని, చివరి సర్దుబాటు వర్డ్‌లో చేయండి.

టాప్ మార్జిన్ తగ్గించినా పైన ఖాళీ పోవట్లేదు.

హెడర్ అడ్డం పడుతోంది. పేజీ పైభాగంలో రెండుసార్లు క్లిక్ చేసి చూడండి, హెడర్‌లో కాలేజీ పేరో లోగోనో లేదా ఊరికే కొట్టిన ఎంటర్లో ఉంటాయి. హెడర్ ఎంత ఎత్తుంటే దాని కిందనుంచే అసలు విషయం మొదలవుతుంది, టాప్ మార్జిన్ సున్నా పెట్టినా సరే. హెడర్‌కి కాగితం పై అంచు నుంచి వేరే దూరం ఉంటుంది, మామూలుగా అర అంగుళం. ఫార్మాట్ మెనూలో హెడర్స్ అండ్ ఫుటర్స్ తెరిస్తే ఆ అంకె మార్చుకోవచ్చు. పేజీ అడుగున వచ్చే ఫుటర్‌కీ ఇదే లెక్క.

లెటర్‌హెడ్ మీద మొదటి పేజీ, మిగతావి తెల్ల కాగితం మీద. మొదటి పేజీకే పైన ఎక్కువ ఖాళీ కావాలి.

ఇప్పుడు చెప్పిన హెడర్ గుణాన్నే ఇక్కడ మనకి పనికొచ్చేలా వాడుకోవచ్చు. సెక్షన్ బ్రేక్ పెడితే పేరా పెరిగినప్పుడల్లా దాన్ని జరుపుతూ ఉండాలి. దానికంటే ఇది మేలు: హెడర్‌లో క్లిక్ చేసి డిఫరెంట్ ఫస్ట్ పేజ్ టిక్ పెట్టండి. మొదటి పేజీ హెడర్‌లో ఖాళీ వరుసలు కొట్టుకుంటూ పోండి. హెడర్ కిందికి దిగుతున్నకొద్దీ ఉత్తరం కూడా దిగుతుంది. రెండో పేజీ నుంచి మామూలు మార్జినే.

బాండ్ పేపర్ మీద ఒప్పందమో అఫిడవిటో ప్రింట్ తీయడానికీ ఇదే పద్ధతి. అచ్చైన స్టాంపు భాగం ఎక్కడిదాకా ఉందో స్కేలు పెట్టి కొలవండి, కాగితం పొడవు, వెడల్పు కూడా కొలవండి. ఆ కొలత ఏ4 కాకపోతే, పేజ్ సెటప్ జాబితాలో దానికి దగ్గరగా ఉన్నది ఎంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ముందు తెల్ల కాగితం మీద ఒకటి తీసి, దాన్ని బాండ్ పేపర్ మీద పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. స్టాంపు మీద అక్షరాలు పడితే ఆ పేపర్ ఇక పనికిరాదు, డబ్బూ పోతుంది, మళ్లీ వెళ్లి కొనాలి.

పేజ్ సెటప్‌లో మార్జిన్ల గళ్లే లేవు.

మీ ఫైల్ పేజ్‌లెస్ పద్ధతిలో ఉంది. 2022లో వచ్చిన ఈ పద్ధతిలో పేజీలన్నవే ఉండవు, స్క్రీన్ మీద ఒకటే పొడుగాటి కాగితంలా సాగుతుంది. హెడర్, ఫుటర్, పేజీ నంబర్లు కూడా కనబడవు. పేజ్ సెటప్‌లోనే పైన పేజెస్ అని ఇంకో ట్యాబ్ ఉంటుంది, అది నొక్కి ఓకే అంటే పాత పద్ధతికి వస్తారు.

పేజ్ సెటప్ బూడిదరంగులో ఉండి నొక్కనివ్వకపోతే మాత్రం కారణం వేరు, మీకు ఆ ఫైల్‌లో మార్పులు చేసే అనుమతి లేదు. ఫైల్ మెనూలో మేక్ ఎ కాపీ చేసుకుని మీ కాపీలో మార్చుకోండి.

స్క్రీన్ మీద సరిగ్గానే ఉంది, షాపులో ప్రింట్ తీస్తే మార్జిన్ మారింది.

షాపతను ఫిట్ టు పేజ్ అని పెట్టి ఉంటాడు. ఆ ఎంపిక పేజీని కుదించి ప్రింటర్ అచ్చు వేయగలిగే మేర లోపలికి తెస్తుంది. వందశాతం స్కేల్ లేదా యాక్చువల్ సైజ్ పెట్టమనండి. మీరు చేయాల్సింది, డాక్స్ లింకు కాకుండా పీడీఎఫ్ దించి వాట్సాప్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇవ్వడం. వర్డ్ ఫైల్‌గా ఇస్తే అక్కడి కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంట్ లేకపోవచ్చు. ఫాంట్ మారితే వరుసలు మారతాయి, వరుసలు మారితే పేజీలు మారతాయి.

ఇంకోటి. మామూలు ప్రింటర్లు కాగితం చివరిదాకా అచ్చు వేయలేవు, అంచున కొన్ని మిల్లీమీటర్లు వదిలేస్తాయి. డాక్స్ సున్నా మార్జిన్‌కి ఒప్పుకుంటుంది గానీ ప్రింటర్ ఒప్పుకోదు.

తెలుగులో టైప్ చేస్తే కుడి అంచు బాగా ఎగుడుదిగుడుగా వస్తోంది. మార్జిన్ తప్పా?

మార్జిన్ తప్పు కాదు. మన మాటలు పొడుగు. "చేయవలసివచ్చినప్పటికీ" లాంటి మాట వరుస చివర పట్టకపోతే మొత్తంగా కిందికి దూకుతుంది, పైన పెద్ద ఖాళీ మిగులుతుంది. మాటని మధ్యలో విరిచి హైఫన్ పెట్టే పని డాక్స్ తనంతట చేయదు. జస్టిఫై పెడితే (కంట్రోల్, షిఫ్ట్, జె) అంచు నున్నగా వస్తుంది కానీ మాటల మధ్య సందులు పెరుగుతాయి. మార్జిన్లు ఎంత ఎక్కువుంటే వరుస అంత పొట్టిదవుతుంది, సందులు అంత వికారంగా ఉంటాయి.

మా అభిప్రాయం అడిగితే, వరుస వెడల్పు 15 సెంటీమీటర్లకి అటూఇటూగా ఉండి, అక్షరం 12 సైజు దాటకపోతే తెలుగుకి జస్టిఫై బాగుంటుంది. రెండు కాలమ్‌లు పెట్టినా, మార్జిన్లు బాగా వెడల్పు చేసినా ఎడమకి సర్ది వదిలేయడమే మంచిది. తెలుగుకి వరుసల మధ్య కూడా జాగా ఎక్కువ కావాలి. పైన గుడి, కింద ఒత్తులు ఉంటాయి కదా. అందుకే ఇంగ్లిష్‌లో ఒక పేజీ పట్టే విషయం తెలుగులో పేజీ దాటుతుంది. దాన్ని ఇరికించడానికి మార్జిన్లు నొక్కేస్తే చదివేవాళ్లకి కంటికి కష్టం. ఫాంట్ మార్చి చూడండి. మల్లన్న, మండలి, నోటో సాన్స్ తెలుగు ఒకే సైజులో పెట్టినా ఒకేలా జాగా తీసుకోవు.

రెజ్యూమె రెండో పేజీలోకి రెండు వరుసలు జారింది. ఎలా ఇరికించాలి?

పైన, కింద ముప్పావు అంగుళం చేసి చూడండి. చాలకపోతే పక్కల కూడా. అర అంగుళం కంటే కిందికి దిగొద్దు. అప్పటికీ పట్టకపోతే మార్జిన్‌ని వదిలేసి, డిక్లరేషన్ పేరానో హాబీలనో తీసేయండి. రెండో పేజీ పూర్తిగా ఖాళీగా వస్తుంటే మాత్రం చివర మిగిలిన ఎంటర్లు కారణం, వాటిని తుడిచేస్తే చాలు.

పాత వర్డ్ ఫైల్ తెరిస్తే మార్జిన్ 1.25 చూపిస్తోంది.

అది వర్డ్ 2003, అంతకుముందు వాటి అలవాటు. అప్పట్లో ఎడమ, కుడి ఒకటింపావు అంగుళం ఉండేది, 2007 నుంచి అన్ని వైపులా ఒక అంగుళం అయింది. ఫైల్‌లో ఏముంటే డాక్స్ అదే చూపిస్తుంది, తనే మార్చదు.

ఫోన్‌లో మార్చొచ్చా?

డాక్స్ యాప్‌లో ఫైల్ తెరిచి, పెన్సిల్ గుర్తు నొక్కి, పైన మూడు చుక్కల్లో పేజ్ సెటప్ చూడండి. అక్కడ మార్జిన్స్ ఉంటే పని అయిపోయినట్టే. లేకపోతే క్రోమ్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టి తెరవాలి. చిన్న స్క్రీన్ మీద అది చిరాకు పనే. పదిమందికి చేరాల్సిన కాగితమైతే నెట్ సెంటర్‌కి వెళ్లడమే నయం.

కొత్త ఫైల్ తెరిచిన ప్రతిసారీ ఇవన్నీ మార్చాలా?

అక్కర్లేదు. అంకెలు పెట్టాక ఓకే నొక్కేముందు అదే పెట్టెలో సెట్ యాజ్ డిఫాల్ట్ నొక్కండి. ఇకపై మీరు తెరిచే కొత్త ఫైళ్లన్నీ ఏ4తో, అవే మార్జిన్లతో వస్తాయి. పాత ఫైళ్లు మారవు.

నలుగురం కలిసి ఒకే రిపోర్టు రాస్తున్నాం. నేను మార్జిన్ మారిస్తే అందరికీ మారుతుందా?

మారుతుంది. మార్జిన్, పేపర్ సైజు ఫైల్‌కి చెందినవి, అందరికీ ఒకటే. రూలర్ కనబడటం, జూమ్ మాత్రం ఎవరివి వాళ్లకే. అందుకని బ్యాచ్‌లో ఒకరికే ఫార్మాటింగ్ పని అప్పజెప్పండి, మిగతావాళ్లు విషయం రాస్తే చాలు. ఎవరో రాత్రి మార్జిన్లు కదిపేసి పొద్దున పేజీ నంబర్లన్నీ జరిగిపోతే, ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరవండి. ఏ టైముకి ఎవరు ముట్టుకున్నారో పేరుతో సహా ఉంటుంది. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్తే ఆ తర్వాత రాసిన పేరాలు కూడా ఫైల్‌లోంచి పోతాయి, కాబట్టి వెనక్కి వెళ్లకుండా, మీకు కావాల్సిన అంకెలే పేజ్ సెటప్‌లో తిరిగి కొట్టుకోండి.